ముందు గోడను నమ్మకండి: కాట్స్‌వోల్డ్స్ రాతి ఇంటిని ఎలా చదవాలి

ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్ ఉత్తరపు కొసన చిప్పింగ్ క్యాంప్‌డెన్ అని ఒక చిన్న ఊరుంది. ఊరు మొత్తానికీ ప్రాణం ఒక్క వీధి, హై స్ట్రీట్. అది తిన్నగా ఉండదు, మెల్లగా వంపు తిరుగుతుంది. అందుకే ఎక్కడ నిలబడి చూసినా వీధంతా ఒక్కసారిగా కనపడదు, నడిచే కొద్దీ ఇళ్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి. తేనె రంగు రాయి, బాగా వాలుగా ఉండే కప్పులు, రాతి చట్రాల కిటికీలు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉండే మనవాళ్లు వీకెండ్‌కి కాట్స్‌వోల్డ్స్ అనే ఈ కొండల ప్రాంతానికి వెళ్లొచ్చి పెట్టే ఫొటోల్లో ఉండేది ఇలాంటి వీధులే.

అయితే ఫొటోలో పడేది ముందు గోడ ఒక్కటే. ఇంటి వయసు గురించి నమ్మకూడని సాక్షి ఎవరైనా ఉంటే అది ఈ ముందు గోడే. వీధి వైపు నుంచి చూస్తే 1750 నాటి ఇల్లులా కనిపిస్తుంది. ఎత్తైన కిటికీలు లెక్క పెట్టినట్టు వరసగా ఉంటాయి, తలుపు సరిగ్గా మధ్యలో ఉంటుంది, పైన కప్పు కనపడకుండా పిట్టగోడ అడ్డం ఉంటుంది. పక్కనున్న సందులోంచి పెరట్లోకి వెళ్లి వెనక్కి తిరిగి చూడండి. ముక్కోణపు గోడలు, చిన్న చిన్న కిటికీలు, వంగిపోయిన రాతి కప్పు, ఒకదానికొకటి పొంతన లేని మూడు చిమ్నీలు. ఆ వెనక భాగం ముందు గోడ కంటే వందా నూటయాభై ఏళ్లు పెద్దది కావచ్చు. అటకెక్కితే ఇంకో రెండొందల ఏళ్లు వెనక్కి పోవచ్చు. ఒకే ఇంట్లో మూడు నాలుగు ఇళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయన్నమాట.

దీన్ని "జార్జియన్ శైలి", "ట్యూడర్ శైలి" అని పేర్లతో అర్థం చేసుకోవాలని చూస్తే తల తిరుగుతుంది. శైలి సంగతి పక్కన పెట్టి, స్థలం ఎంత, రాయి ఏది, వాన నీళ్లు ఎటు పోవాలి, పన్ను ఎంత అని నాలుగు ప్రశ్నలు వేసుకుంటే ఇంట్లో చాలా వరకు చిక్కుముడి విడిపోతుంది.

జానెడు ముఖం, బారెడు వీపు

ముందు స్థలం. 12వ శతాబ్దపు రెండో సగంలో ఈ ఊరి భూస్వామి హ్యూ డి గోండెవిల్ ఇక్కడ సంత పెట్టుకోడానికి రాజుగారి నుంచి అనుమతి సంపాదించాడు. సంతకి వీధి కావాలి, వీధికి ఇళ్లు కావాలి. వీధికి రెండు వైపులా స్థలాన్ని సన్నటి పొడవాటి పట్టీలుగా కోసి అద్దెకిచ్చారు. వీటిని బర్గేజ్ ప్లాట్లు అంటారు. ఇలాంటి ఊళ్లలో కొలత పెర్చ్‌ల్లో ఉండేది, ఒక పెర్చ్ అంటే పదహారున్నర అడుగులు. విలువంతా వీధి వైపు ముఖానిదే. సంత రోజున సరుకు పెట్టుకునేది అక్కడే కాబట్టి, ఆ ముఖంలో ఎక్కువమందికి వాటా దొరకాలంటే ఒక్కొక్కరికి కొంచెమే ఇవ్వాలి. వెనక మాత్రం ఎంత పొడవైనా ఇబ్బంది లేదు. క్యాంప్‌డెన్‌లో ఆ పట్టీలు వెనకనున్న ఇంకో సన్న దారి దాకా పోతాయి. దాని పేరు ఇప్పటికీ బ్యాక్ ఎండ్సే.

ఎనిమిది వందల ఏళ్ల కింద గీసిన ఆ గీతలే ఇప్పటికీ ఇంటి ఆకారాన్ని నిర్ణయిస్తున్నాయి. ఇళ్లు పడగొట్టారు, మళ్లీ కట్టారు, హద్దులు మాత్రం పెద్దగా జరగలేదు. ఇల్లు పక్కలకి పెరగలేదు కాబట్టి వెనక్కి పెరిగింది. ముందు ఒక వరస గదులు, వాటి వెనక తోకలాగా వంటిల్లు, దాని వెనక బీరు కాచే గది, గుర్రాల పాక, చివర్లో కూరగాయల మడి. వెనక్కి సరుకు చేరాలంటే దారి కావాలి, అందుకే చాలా ఇళ్ల ముందు గోడలో ఒక పక్కన వంపు ద్వారం ఉంటుంది. బండి పట్టేంత వెడల్పుంటే ఆ ఇంటాయన వ్యాపారి అయినా అయ్యుండాలి, సత్రం నడిపినా నడిపుండాలి. రెండు పట్టీలు కలిపేసి కట్టిన ఇల్లు కనపడిందంటే అక్కడ ఎవరికో బాగా డబ్బు కలిసొచ్చిందని అర్థం.

రాయి ఎక్కడిది

రాయి ఎక్కడో దూరం నుంచి తెచ్చింది కాదు. ఊరి పైనున్న కొండ మీద వెస్టింగ్టన్ క్వారీ ఉంది, క్యాంప్‌డెన్ చాలా వరకు అక్కడినుంచి దిగి వచ్చిందే. రోడ్లు బురదలో కూరుకుపోయే కాలంలో బరువైన రాయిని ఎద్దుబండి మీద పది మైళ్లు లాగడమంటే రాయి ఖరీదు కంటే కూలి ఎక్కువ. అందుకే ఊరు మారితే రాయి రంగు మారుతుంది. ఉత్తర కాట్స్‌వోల్డ్స్‌లో రాయిలో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి పసుపు, తేనె రంగు. దక్షిణాన బాత్ నగరం వైపు వెళ్లే కొద్దీ రంగు తేలిపోయి మీగడ రంగుకొస్తుంది.

ఇది సున్నపురాయి. మన ఇళ్లలో పరిచే కడప బండా సున్నపురాయే, తాండూరు బండా సున్నపురాయే, కానీ ఇది వేరే రకం. సుమారు 17 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతం లోతులేని వెచ్చటి సముద్రం. ఇప్పుడు బహామాస్ తీరంలో జరుగుతున్నట్టే, అలలకి అటూ ఇటూ దొర్లే ఇసుక నలుసుల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని గుండ్రటి గింజలయ్యాయి. అవన్నీ అతుక్కుని రాయి అయింది. పగిలిన ముక్కని దగ్గరగా పెట్టుకుని చూస్తే బొంబాయి రవ్వ పోసి గట్టిగా అదిమినట్టు ఉంటుంది. మన కడప బండ దీనికంటే ఎన్నో రెట్లు ముసలిది. అది పలకలు పలకలుగా లేస్తుంది కాబట్టి నేల మీద పరవడానికి పనికొస్తుంది. క్యాంప్‌డెన్ రాయిలో మేలు రకం అలా విడిపోదు. ఏ వైపు నుంచైనా రంపంతో కోయొచ్చు, ఉలితో చెక్కొచ్చు. క్వారీలోంచి తీసిన కొత్తలో లోపల తడి ఉండి మెత్తగా ఉంటుంది. బయట ఆరే కొద్దీ ఆ తడి మోసుకొచ్చిన సున్నం పైకొచ్చి గట్టిపడి, చర్మంలాంటి పొర కడుతుంది. అందుకే చెక్కే పనంతా తడి ఆరకముందే కానిచ్చేవాళ్లు.

మంచి మేస్త్రీకి తెలిసిన ఇంకో సంగతుంది. భూమిలో రాయి ఏ వాటంలో పడుకుని ఉందో గోడలోనూ అదే వాటంలో పెట్టాలి. నిలబెట్టి పెడితే చూడ్డానికి తేడా తెలియదు, వందేళ్లకి మాత్రం ముఖం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. పాత వీధిలో పక్కపక్క రాళ్లలో ఒకటి కొత్తగానూ ఇంకొకటి పుండు పడ్డట్టూ కనిపిస్తే, చాలాసార్లు కారణం ఇదే.

గోడ అంటే మొత్తం ఒకే రాయి అనుకోవద్దు. మామూలుగా యాభై, అరవై సెంటీమీటర్ల మందం ఉంటుంది. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ సున్నం కలిపి నింపిన పొట్ట. రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడ గోడ మందమంతా పట్టే బాండు రాళ్లు వేస్తారు. వీధి వైపు నున్నగా చెక్కిన సైజు రాయి, సందు సన్నగా గీత గీసినట్టు ఉంటుంది. పక్క గోడకి వచ్చేసరికి అడ్డదిడ్డం రాయి. పెరటి వైపు దొరికిందేదో పెట్టారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, చూసేవాళ్లు ఎటునుంచి వస్తారో అటే ఖర్చు పెట్టారు. ఎంత గొప్ప ఇంటికైనా వెనక గోడ చూస్తేనే యజమాని అసలు స్తోమత తెలుస్తుంది.

రాళ్ల మధ్య పెట్టింది సిమెంటు కాదు, సున్నం. మన పాత కోటల్లో, మేడల్లో వాడిన డంగు సున్నం లాంటిదే. ఇది రాయి కంటే మెత్తన, గాలి ఆడుతుంది. గోడ పీల్చుకున్న తడి ఆ సందుల్లోంచే ఆరిపోతుంది. అరిగిపోవాల్సి వస్తే ముందు సున్నం అరుగుతుంది, రాయి నిలుస్తుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ వచ్చింది 1824లో. 20వ శతాబ్దంలో పాత ఇళ్ల సందులన్నీ దాంతో పూసేశారు, గట్టిగా ఉంటుంది కదా అని. గట్టిగా ఉండటమే దాని తప్పు. తడికి సందుల్లో దారి మూసుకుపోతే రాయిలోంచి పోతుంది. పోతూ పోతూ ఉప్పు వదిలిపెడుతుంది, చలికాలంలో గడ్డకట్టి రాయిని పొడి చేస్తుంది. సిమెంటు గీతలు ఎముకల్లా బయటికి పొడుచుకొచ్చి, మధ్యలో రాయి లోపలికి తినేసి ఉన్న గోడ కనిపిస్తే ఆ ఇంటికి ఎవరో మంచి చేయబోయారని అర్థం.

కప్పు లెక్క

నన్నడిగితే ఈ ఇళ్లలో అసలు తెలివంతా కప్పు మీదే ఉంది. ముఖభాగం గురించి అందరూ రాస్తారు, కప్పు పని చేసినవాళ్లని పట్టించుకునేవాళ్లు తక్కువ.

కప్పు మీద పరిచేవి కూడా రాతి పలకలే, అవీ సున్నపురాయే, కాకపోతే పలచటి పొరలుగా విడిపోయే ఇసక కలిసిన రకం. కొన్ని చోట్ల పైపైనే దొరికేవి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోన్స్‌ఫీల్డ్‌లో మాత్రం భూమి లోపలికి గనులు తవ్వి దిమ్మలు తీసేవాళ్లు. ఆ దిమ్మల్ని విడగొట్టే పని మనుషులు చేయరు, మంచు చేస్తుంది. తీసిన దిమ్మలు ఆరిపోకుండా తడిపి ఉంచి చలికాలం రాత్రుళ్లు ఆరుబయట పడేసేవాళ్లు. లోపలి తడి గడ్డకట్టి ఉబ్బి పొరల్ని విడదీసేది. ఆ ఏడు చలి సరిగ్గా పడకపోతే దిమ్మలు ఎండిపోకుండా మళ్లీ చలికాలం దాకా మట్టిలో కప్పి కాపాడుకోవాలి. ఒకసారి ఎండిందంటే ఇక విడిపోదు.

వచ్చే పలకలన్నీ ఒకే సైజులో ఉండవు. ఏదీ పారేయకుండా సైజుల వారీగా ఏరి, చూరు దగ్గర పెద్దవి, రెండు అడుగుల పొడవున్నవి పరిచి, పైకి పోయే కొద్దీ చిన్నవి చేసుకుంటూ, నడికొప్పు దగ్గరికి వచ్చేసరికి అరడుగు ముక్కలతో ముగిస్తారు. కింద నుంచి చూస్తే కప్పు ఉన్నదానికంటే ఎత్తుగా అనిపించేది ఇందుకే, కానీ అందం కోసం చేసింది కాదిది. కప్పు మీద పడ్డ వాన అంతా కిందికి దిగే కొద్దీ పోగవుతుంది. చూరు దగ్గర నీళ్లు ఎక్కువ, అక్కడ అతుకులు తక్కువ ఉండాలి. పైన నీళ్లు తక్కువ, అక్కడ చిన్న ముక్కలున్నా పరవాలేదు. ప్రతి సైజుకీ పలక కొట్టేవాళ్ల దగ్గర ఒక్కో పేరుండేది, వింటే ఇంగ్లీషు వాళ్లకే అర్థం కాని పేర్లు.

ఒక్కో పలకకి తల దగ్గర బెజ్జం, అందులో ఓక్ చెక్క మేకు. ఆ మేకు కింద అడ్డంగా కొట్టిన బద్దీకి తగిలించుకుంటుంది, అంతే. పలకని పట్టుకునేది దాని బరువే. లోపలి వైపు నుంచి సున్నంలో జంతువుల వెంట్రుకలు కలిపి పూస్తారు, గాలికి మంచు లోపలికి కొట్టకుండా. పలకల్లో ఏ రెండూ ఒక్కలా ఉండవు, వెనక్కి నీళ్లు ఎక్కే ప్రమాదముంటుంది, అందుకని వాలు నిలువుగా ఉండాలి, 50 డిగ్రీలకి అటూ ఇటూ. అంత వాలు పెట్టాక ఇల్లు వెడల్పుగా కట్టడం కష్టం, కప్పు ఆకాశాన్నంటుతుంది. ఓక్ దూలం పొడవుకీ ఒక హద్దు ఉంటుంది. అందుకే పాత ఇళ్లు లోతుకి ఒకే గది. వీధి నుంచి పెరటి గోడ దాకా అయిదారు మీటర్లు, అంతే. అంత వాలున్న కప్పు కింద బోలెడంత చోటు మిగులుతుంది కాబట్టి అటక గది అవుతుంది. అటకకి వెలుతురు కావాలంటే ముందు గోడని పైకి లేపి ముక్కోణంగా ముగించి అందులో కిటికీ పెట్టాలి. కాట్స్‌వోల్డ్స్ అనగానే గుర్తొచ్చే ఆ వరస గేబుళ్లు అలా పుట్టాయి. పలకల వాలు దగ్గర మొదలుపెట్టి లెక్క కట్టుకుంటూ వస్తే ఇంటి సిల్హౌట్ మొత్తం దానంతటదే వచ్చేస్తుంది.

18వ శతాబ్దంలో ఫ్యాషన్ మారింది. లోతుకి రెండు గదులు కావాలన్నారు, వీధిలోంచి కప్పు కనపడకూడదన్నారు. స్థానిక పలక మాత్రం మారలేదు, దాని వాలూ మారలేదు. ఏం చేశారంటే రెండు నిలువు కప్పుల్ని పక్కపక్కన వేసి, మధ్య లోయలో సీసపు తూము పెట్టి, ముందు పిట్టగోడ కట్టి అంతా దాచేశారు. ఆ తూములో ఆకులు అడ్డం పడితే నీళ్లు నేరుగా పడగ్గదిలోకే. కొత్తగా కొన్నవాళ్లకి ఇదే పెద్ద టెన్షన్.

కిటికీలు, పన్నులు

సున్నపురాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది, వంచితే మాత్రం విరుగుతుంది. కాబట్టి కిటికీ మీద పెట్టే రాతి కమ్మీ పొడవుగా ఉండకూడదు. వెలుతురు ఎక్కువ కావాలంటే వెడల్పాటి కిటికీ పెట్టి, అడుగున్నరకోసారి రాతి నిలువు కమ్మీ నిలబెట్టి పై రాయిని మోయించాలి. ములియన్ కిటికీ అంటే ఇదే. రెండు రెక్కలు, మూడు రెక్కలు, నాలుగు రెక్కలు, పొట్టిగా వెడల్పుగా. 17వ శతాబ్దంలో కాట్స్‌వోల్డ్స్ మేస్త్రీలు కింది అంతస్తులో నాలుగు, పైన మూడు, అటకలో రెండు అని తగ్గించుకుంటూ పోవడానికి అలవాటు పడ్డారు. పైకి పోయే కొద్దీ గది ప్రాముఖ్యం తగ్గుతుంది, గోడ బరువూ తగ్గుతుంది. కిటికీ పైన కనుబొమలాగా పొడుచుకొచ్చిన రాతి అంచు గోడ మీద జారే నీటిని పక్కలకి మళ్లిస్తుంది.

తర్వాత నిలువుగా పైకీ కిందికీ జరిపే సాష్ కిటికీలొచ్చాయి. 17వ శతాబ్దం చివర్లో లండన్‌లో మొదలై, ఇలాంటి పల్లెటూళ్లకి రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. క్యాంప్‌డెన్‌లో 1740ల నాటి బెడ్‌ఫాంట్ హౌస్ చూస్తే ఆ కొత్త రుచి ఎంత బలంగా వచ్చిందో తెలుస్తుంది. స్తంభాలు, అంచులు, అన్నీ కొలత ప్రకారం. స్థానిక మేస్త్రీ థామస్ వుడ్‌వర్డ్ పనితనం అని చెబుతారు. అంత డబ్బు లేనివాళ్లు పాత ఇంటికే కొత్త ముఖం తొడిగారు. ములియన్లు పీకేసి, కన్నం ఎత్తు పెంచి, సాష్ బిగించారు. లోపల అంతస్తులు పాత ఎత్తులోనే ఉండిపోయాయి, దాంతో కొన్ని ఇళ్లలో కొత్త కిటికీ పై భాగం లోపలి సీలింగ్ కంటే ఎత్తుగా పోతుంది. బయటి నుంచి కిటికీ వెనకాల అడ్డంగా నల్లటి గీతలా దూలం కనపడితే అక్కడ ముఖం మార్పిడి జరిగిందని రాసిపెట్టుకోవచ్చు.

ఇక మూసేసిన కిటికీలు. గైడ్‌లు ప్రతి దాన్నీ చూపించి "కిటికీ పన్ను" అంటారు. పన్ను నిజమే. 1696లో పెట్టారు, 1851లో తీసేశారు. మొదట్లో ఇంటికి రెండు షిల్లింగులు, పది కిటికీలు దాటితే అదనం. ఆ అంచున ఉన్నవాళ్లు ఒకటి రెండు కిటికీలు రాళ్లతో మూసేసిన మాట నిజం. గాజు మీద కూడా 1746 నుంచి 1845 దాకా బరువుని బట్టి సుంకం ఉండేది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంతకీ మూసిన కిటికీలన్నీ పన్ను బాపతు కాదు. ముందు గోడ మీద అయిదు కిటికీలు వరసగా ఉండాలి, లోపల చూస్తే ఒకచోట చిమ్నీ పోతోంది. అక్కడ కిటికీ ఎలా పెడతారు? బయట మాత్రం చట్రం చెక్కి, లోపల ఉత్త గోడ ఉంచేశారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. తర్వాత మూసినదైతే నింపిన రాయి వేరుగా ఉంటుంది, అతుకు తెలుస్తుంది. మొదటినుంచీ ఉత్తుత్తిదైతే చుట్టూ ఉన్న రాళ్ల వరసలోనే సజావుగా కలిసిపోతుంది.

మసి ఇచ్చే సాక్ష్యం

లోపలికి వెళ్తే మధ్యయుగపు ఇంటికి నడుమ ఉండేది హాలు. నేల నుంచి కప్పు దాకా ఒకటే గది, మధ్యలో నేల మీద మంట, చిమ్నీ లేదు. పొగ వాసాల మధ్య తచ్చాడి ఎలాగోలా బయటికి పోయేది. 16, 17 శతాబ్దాల్లో ఈ ఇళ్లలోకి రెండు కొత్తవి వచ్చాయి, గోడ పొయ్యీ దాని చిమ్నీ ఒకటి, హాలుని అడ్డంగా కోసి వేసిన మేడ రెండోది. పొగకి దారి దొరికాక పైన గదులు వేసుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతో ఇంటి సంసారం తీరే మారిపోయింది. అందరూ ఒకే గదిలో తిని, ఒకే గదిలో వెచ్చబడే పద్ధతి పోయింది.

పాత హాలు మాయమైపోయినా గుర్తులు మిగులుతాయి. అటకలో టార్చి వేసి చూస్తే కొన్ని వాసాల మీద నల్లగా, మెరుస్తూ మసి పేరుకుని ఉంటుంది. ఆ కింద ఒకప్పుడు మంట బహిరంగంగా ఉండేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అది నిర్ధారణ కావాలంటే ఆ ఓక్ కలపలోంచి పెన్సిలంత ముక్క తీసి, వలయాలు లెక్కపెట్టి, చెట్టు కొట్టిన ఏడాది దాకా చెప్పగలరు. దూలాల అంచులు చూడండి, కనపడే చోట మాత్రమే వడ్రంగి మొన చెక్కి అందం చేసేవాడు. ఇప్పుడు బీరువా లోపల ఉన్న దూలానికి అలా చెక్కిన అంచు ఉందంటే ఒకప్పుడు అది పెద్ద గదిలో నడినెత్తిన ఉండేదన్నమాట. ఏమీ తగిలించి లేని ఖాళీ గాడి కనపడితే అక్కడ ఒకప్పుడు చెక్క అడ్డుగోడ నిలబడింది. రాయి కూడా నోరు విప్పుతుంది. ఇనుమున్న సున్నపురాయి 250, 300 డిగ్రీల వేడి తగిలితే గులాబీ రంగుకి తిరుగుతుంది, మళ్లీ మారదు. ప్లాస్టర్ తీసినప్పుడు గోడలో ఎర్రటి మచ్చ బయటపడితే అక్కడ పొయ్యి ఉండేదన్నా, ఇల్లు తగలబడిందన్నా ఒకటి నిజం.

తలుపు మీది రాయిలో చెక్కిన సంవత్సరం మాత్రం అంత తొందరగా నమ్మకండి. "1656" అని ఉంటే ఇల్లు కట్టిన ఏడు కావచ్చు, పెళ్లయిన ఏడు కావచ్చు, పొయ్యి వేసుకున్న ఏడు కావచ్చు, వేరే ఇంటి నుంచి తెచ్చి బిగించిన రాయి కూడా కావచ్చు.

ఈ పొరల కింద అసలు మొదటి పొర ఎలా ఉండేదో చూడాలంటే అదే వీధిలో గ్రెవెల్ హౌస్ ఉంది. 1380 ప్రాంతంలో కట్టింది. విలియం గ్రెవెల్ ఉన్ని వ్యాపారి, రెండో రిచర్డ్ రాజుకే అప్పిచ్చినవాడు, 1401లో పోయాడు. ఊరి చర్చిలో ఆయన సమాధి మీది ఇత్తడి రేకు ఆయన్ని ఇంగ్లండ్ ఉన్ని వర్తకులందరిలోకీ పువ్వు అని లాటిన్‌లో పొగుడుతుంది. ఇంటి ముందు గోడలో ఒక్కచోట మాత్రం రెండంతస్తుల ఎత్తున ముందుకి పొడుచుకొచ్చిన కిటికీ ఉంది. రాతి పట్టీల అల్లిక అచ్చం చర్చి కిటికీ పనే, పైన వికృతంగా నోరు తెరిచిన రాతి మొహాలు. చర్చి కట్టే మేస్త్రీలకి ఇంటి పని అప్పజెప్పగలిగిన స్తోమత అది. మిగతా ఇంటి మీద తర్వాతి శతాబ్దాల చేయి పడింది, ఆ కిటికీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఎందుకు మిగిలాయి

ఇంత పాత ఇళ్లు ఇన్ని ఉన్నాయంటే ఈ ఊరివాళ్లకి వారసత్వం మీద మమకారం ఎక్కువనుకుంటాం. నిజానికి వీటిని కాపాడింది ముందు చేతిలో డబ్బు లేకపోవడం. ఉన్ని ఎగుమతి పోయి బట్టల వ్యాపారం వచ్చింది, అది నీటి ఉరవడి ఉన్న దక్షిణాన స్ట్రౌడ్ లోయలకి పోయింది. తర్వాత బొగ్గు యుగం వచ్చింది, ఇక్కడ బొగ్గు లేదు. 1853లో రైలొచ్చినా స్టేషన్ ఊరికి అవతల పడింది. చేతిలో డబ్బు ఆడే ఊళ్లు విక్టోరియా కాలంలో పాతవి కొట్టేసి ఇటుకతో, వేల్స్ స్లేటుతో కొత్తవి కట్టుకున్నాయి. క్యాంప్‌డెన్ వాళ్లు చిల్లు పడ్డ చోట అతుకేసుకుని ఉండిపోయారు.

మమకారం తర్వాత వచ్చింది, అదీ బయటివాళ్లతో. 1902లో వాస్తుశిల్పి సి.ఆర్. ఆష్‌బీ తూర్పు లండన్ నుంచి తన చేతిపనివాళ్ల సంఘాన్ని కుటుంబాలతో సహా ఇక్కడికి తరలించాడు. ఖాళీగా పాడుపడుతున్న ఇళ్లు బాగు చేసుకుని దిగారు. సంఘం 1908కల్లా దివాలా తీసింది, మనుషుల్లో కొందరు ఉండిపోయారు. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి కూడా ఆ రోజుల్లో పక్కనే బ్రాడ్ క్యాంప్‌డెన్‌లో, ఆష్‌బీ బాగు చేయించిన పాత రాతి ప్రార్థనామందిరంలో కాపురముండి, సింహళ కళ మీద తన పుస్తకం అక్కడే అచ్చు వేయించాడు. 1929లో చిత్రకారుడు ఎఫ్.ఎల్. గ్రిగ్స్, మరికొందరు కలిసి క్యాంప్‌డెన్ ట్రస్ట్ పెట్టి, చెయ్యి జారిపోతున్న ఇళ్లని కొని మరమ్మతు చేయడం మొదలుపెట్టారు. వాళ్లకి ఇక్కడి రాయీ, ఇక్కడి మేస్త్రీలూ తెలుసు. అందుకే వాళ్ల మరమ్మతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఇప్పుడు కనిపెట్టడం నిపుణులకీ కష్టమే.

ఇప్పుడు చట్టముంది. 1947 నుంచి ఇలాంటి కట్టడాల్ని కాపాడాల్సినవాటి జాబితాలో చేర్చడం మొదలైంది, ఇంగ్లండ్ మొత్తం మీద నాలుగు లక్షల దాకా ఉన్నాయి. అందులో అన్నిటికంటే పై స్థాయి, గ్రేడ్ వన్, రెండున్నర శాతమే, గ్రెవెల్ హౌస్ ఆ కోవలోది. తొంభై శాతం పైన గ్రేడ్ టూ. జాబితా అంటే ముందు గోడ ఒక్కటే అనుకుని మోసపోయేవాళ్లున్నారు. లోపలి మెట్లు, పొయ్యి, చెక్క తలుపు, అటకలో వాసం కూడా లెక్కే. అనుమతి లేకుండా మారిస్తే జరిమానాతో పోదు, అది క్రిమినల్ నేరం.

చట్టం ఇంత కట్టుదిట్టంగా ఉంటుంది, పన్ను మాత్రం దానికి అడ్డంగా నడుస్తుంది. ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాత ఇంటి కప్పు మరమ్మతు చేయిస్తే 20 శాతం. అనుమతి తీసుకుని చేసే మార్పులకి ఒకప్పుడు మినహాయింపు ఉండేది, 2012 అక్టోబర్ 1 నుంచి అదీ పోయింది. ఇంకా చిక్కు ఏమిటంటే, కప్పు మీద అసలు రాతి పలకలే వేయాలని అధికారులు పట్టుబడతారు, ఆ పలకలు తీసే క్వారీలు దాదాపు మూతపడ్డాయి. చిన్న క్వారీ ఒకటి మళ్లీ తెరవాలంటే అందమైన లోయలో దుమ్మూ లారీలూ వద్దని చుట్టుపక్కలవాళ్లే అడ్డుపడతారు. దాంతో పాత పలకలకి గిరాకీ పెరిగింది. పొలాల్లో వాడకం లేని పాకల కప్పులు విప్పి ఆ పలకలు తెచ్చి ఊళ్లో ఇళ్ల మీద వేస్తున్నారు. కప్పు పోయిన పాక నాలుగు చలికాలాల్లో గోడలతో సహా కూలుతుంది. ఆ పాకల్లో చాలా వాటికి ఏ జాబితాలోనూ చోటు లేదు.